నలభై ఒకటో సీసా

మేడపి దాటాక నల్లరేగడి మొదలవుతుంది.
డిసెంబరు, పొద్దున తొమ్మిది.
దూరం నుంచి తోట పచ్చగానే ఉంది.
దగ్గరికెళితే
మిరపాకుల అడుగు కంచురంగు తిరిగి
అంచులు పడవల్లా ముడుచుకున్నాయి.

పువ్వుని తెల్లకాగితం మీద దులిపాను.
మినప్పొట్టు నలుసులకి కాళ్లొచ్చినట్టు
నాలుగు దిక్కులకీ పరుగెత్తాయి.
తడి బ్రష్షు కొసతో ఒక్కోదాన్నీ ఎత్తి
స్పిరిట్ సీసాలో వేశాను.
చీటీ మీద పెన్సిలుతో రాశాను:
త్రిపురాంతకం మండలం, మిరప, తేదీ, నలభై ఒకటి.

"పెన్సిలేంది, పెన్ను లేదా?"
నాసరమ్మ నా భుజం మీదుగా చూస్తోంది.
"సిరా అయితే స్పిరిట్ తగిలి చెరిగిపోద్దమ్మా."
"పొలం ఎవురిదో రాయవా?"
"చెప్పు, రాస్తా."
"నా పేరు రాస్తే నాదవుద్దా? కౌలు.
ఆసామి ఒంగోల్లో ఉంటాడు. కాయితం లేదు."
చీటీలో మిగిలిన చోట
నాసరమ్మ అని మాత్రం పట్టింది.

"ఇయ్యి యాడియ్యి?
మా అమ్మ సేద్యం చేసినప్పుడు లేవు.
మూడు మందులు కొట్టా. నాలుగోదానికి అప్పు పుట్టలా."
"అది కనుక్కోడానికే వచ్చా."
"కనుక్కుంటే పోతయ్యా?"
మూత బిగిసే ఉంది.
ఇంకోసారి బిగించాను.

ల్యాబులో
ఒక పురుగుని నూరితే ఒక చుక్క.
ఆ చుక్కని కాచి, చల్లార్చి, మళ్లీ కాచి
ముప్పై ఐదు సార్లు.
ఒకటి రెండై, రెండు నాలుగై.
చక్రవడ్డీ అని చెబితే
నాసరమ్మకి రెండో మాట అక్కర్లేదు.

తెర మీద నాలుగే అక్షరాలు,
గుక్క తిప్పుకోకుండా.
మేం చదివేది తల్లి నుంచి మాత్రమే వచ్చే ముక్క.
ఈ జాతిలో మగవాడికి తండ్రే ఉండడు,
జత కలవని గుడ్డులోంచి వచ్చేస్తాడు.
దోర్నాల, దర్శి, పుల్లలచెరువు
ఒకదాని కింద ఒకటి పేర్చి
బియ్యంలో మెరికెలు ఏరినట్టు వెతికాను.
తేడా లేదు.
తోటలన్నిటికీ ఒకటే అమ్మ.
ఏ సముద్రం అవతలో
ఏ పూలకుండీ అడుగునో ఓడెక్కిన ఒక్క ఆడది,
కాకపోతే దాని అక్కచెల్లెళ్లు.

ఒక్క నలభై ఒకటో సీసా తప్ప.
మూడు వందల పన్నెండో చోట
అన్నిటికీ టీ, దానికి సీ.

"మిషను తప్పయ్యుంటుంది, మళ్లీ చెయ్యి" అన్నారు మా సారు.
చేశాను. సీ.
ఇంకో పురుగుని నూరాను. సీ.
అంటే ఇంకో ఓడ, ఇంకో అమ్మ.
లేదా ఈ రేగట్లోనే
ఏదో ఒక రాత్రి ఒక అక్షరం జారి
వచ్చింది కాస్తా ఇక్కడిదైపోయింది.
రెంటిలో ఏదో
ఒక్క ముక్క చూసి చెప్పలేం.
రిపోర్టులో అదే రాశాను.

ఫిబ్రవరిలో వెళ్లేసరికి
మిరపమొక్కలు పీకి గట్టున కుప్పేసి ఉన్నాయి.
పక్క చేలో శనగ పీకుతోంది నాసరమ్మ, కూలికి.
చేతులు ఆపకుండానే విన్నది.

"అంటే దాని తల్లెవురో మీకాడ రాసుంది."
"రాసుంది."
"ఈడికి వచ్చి ఎన్నాళ్లయిందో?"
"దాదాపుగా."
"నేను ఏడేళ్లు దున్నినట్టు యాడా లేదు.
పంట నష్టం డబ్బులు ఆసామి ఖాతాలో పడినయ్యి."

కొంగుతో చేతులు తుడుచుకుని
గట్టు మీదికొచ్చింది.
"ఆ చీటీ ఉందా? నా పేరు రాసింది?"
"సీసాలోనే ఉంది."
"దానికి నకలొకటి ఇయ్యి.
ఆ తేదీన ఈ చేలో నేనే ఉన్నానని
ఆఫీసులో చూపిచ్చుకుంటా."
"పెన్సిలు రాత వాళ్లు నమ్మరు, నాసరమ్మా."

"సిరా చెరిగిపోద్దని
నువ్వేగా చెప్పింది."